సినిమాల్లో అక్కలుండరు

మధ్యాహ్నం రెండయిందంటే స్వరూప ఇంట్లో ఫ్యాను కూడా గట్టిగా తిరగకూడదు. అంట్లు ముందే తోమేస్తుంది, తలుపు దగ్గరగా వేస్తుంది, ఫోన్‌ను దిండు కింద పెట్టి టీవీ ముందు చాప పరుచుకుంటుంది. సూర్యాపేటలో ఆ వేళకు లోకల్ కేబుల్ ఛానెల్లో సినిమా చూసేవాళ్ళను ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో లోకంలో ఉన్న సినిమాలన్నీ ఉన్నాయి. స్వరూప కొడుకు రవి కూడా ఇంట్లో కొత్త నెట్ డబ్బా పెట్టించి, "అమ్మా, ఇండ్ల వెయ్యి సినిమాలున్నయి, నీకేది గావాల్నో అది సూడు" అని రిమోట్ చేతికిచ్చాడు. ఆమె ఆ రిమోట్‌ను కొంగుతో తుడిచి షోకేసులో దాచిపెట్టింది. పాత కేబుల్ వైరు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

చెప్పడానికేముంది, ఆ కేబుల్ ఆమె తమ్ముడు శ్యాంసుందర్‌ది. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం సినిమా, కింద పరుగెత్తే అక్షరాల్లో బట్టల షాపు డిస్కౌంట్లు, ఊళ్ళోవాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలు, అన్నీ వాడి ఛానెల్ సంగతులే. చిత్రమేమిటంటే ఆ తమ్ముడితో ఆమె ఎండాకాలం నుంచి మాట్లాడటం లేదు.

తగాదా పొలం గురించి కాదు, బంగారం గురించి కాదు. ఫ్లెక్సీ గురించి. నవ్వకండి, ఫ్లెక్సీ అంటే మా వైపు చిన్న విషయం కాదు. శ్యాంసుందర్ తన కూతురు వర్షకు చీర ఫంక్షన్ చేశాడు. హాలు గేటు ముందు పెట్టిన ఫ్లెక్సీని పిల్ల మేనమామలు, అంటే శ్యాంసుందర్ భార్య రమ్య అన్నదమ్ములు, కోదాడలో అచ్చు వేయించి తెచ్చారు. అందులో మేనమామలు నల్లద్దాలు పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. వాళ్ళ పిల్లలున్నారు, దోస్తులున్నారు, ఒక దోస్తు కొత్తగా కొన్న బైకు కూడా ఉంది. పిల్ల మేనత్త మాత్రం లేదు. పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాలలో వేసిన మేనత్త, పేరు పెట్టిన మేనత్త! స్వరూప ఆ ఫ్లెక్సీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెండుసార్లు చూసింది. లోపలికెళ్ళి తెచ్చిన చీర, గాజులు పిల్ల చేతిలో పెట్టి, అక్షింతలు వేసి, మెతుకు ముట్టకుండా ఆటో ఎక్కింది. శ్యాంసుందర్ ఆ సమయానికి మైకువాడితో కొట్లాడుతున్నాడు. అక్క తినకుండా పోయిందని వాడికి తెలిసేసరికి గిన్నెలు కూడా కడిగేశారు.

తర్వాత వాడు ఫోన్ చేస్తే ఈమె ఎత్తలేదు. ఇక ఎత్తుదామని ఈమె అనుకునేసరికి వాడు చేయడం మానేశాడు. అంతే, ఊరికి ఆ చివర తమ్ముడు, ఈ చివర అక్క. ఇద్దరికీ కూరగాయల మార్కెట్ ఒక్కటే అయినా, ఇన్ని నెలల్లో ఒకరికొకరు ఎదురుపడలేదు. ఎదురుపడకుండా ఉండటానికి ఇద్దరూ ఎంత కష్టపడ్డారో దేవుడికే తెలియాలి.

ఇలా ఎన్నాళ్ళయినా సాగేదే, కానీ ఒడిబియ్యం వచ్చిపడింది. పెళ్ళయిన ఆడపిల్లను కొన్నేళ్ళకొకసారి పుట్టింటికి పిలిచి, మొగుడి పక్కన పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పొయ్యాలి. అది పుట్టిల్లు ఆమెతో అనే మాట, నువ్వు ఇంకా మా పిల్లవేనని. బేసి సంవత్సరాల్లోనే పోస్తారు. స్వరూపకు పోయినసారి పోసి ఇది ఐదో ఏడు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడో ఏడే.

కొడుకు దగ్గరే ఉండే తల్లి లచ్చమ్మ కార్తీకం రాగానే ఫోన్ చేసింది.

"బిడ్డా, గీ నెలల నీకు ఒడిబియ్యం పొయ్యాలె."

"పోసేటోడు పిలిస్తె వస్తనమ్మా."

"పిలుస్తడే. వాని మొకం సూస్తె తెలుస్తలేదా?"

"మొకం సూసుకుంట నువ్వున్నవు. నాకు ఈడికెల్లి కనవడ్తదా?"

"అయితె నువ్వే ఒక ఫోన్ కొట్టరాదే."

"నేను కొట్ట."

"ఏడో ఏటికి నేనుంటనో, ఉండనో" అని లచ్చమ్మ ఫోన్ పెట్టేసింది. స్వరూప ఆ రోజు అన్నం తినలేదు. వెళ్ళాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ పిలవని పుట్టింటికి తనంతట తాను ఫోన్ చేసి, నా ఒడిలో బియ్యం పొయ్యండని ఏ ఆడపిల్ల అడుగుతుంది? వాడు పిలవాలి. వాడు ఒక్క మాట పిలిస్తే చాలు.

ఆ తర్వాత వచ్చిన సోమవారం, రెండు గంటలకు, ఛానెల్లో అన్నాచెల్లెళ్ళ సినిమా పడింది. చెల్లెలి కోసం అన్న రిక్షా తొక్కుతాడు, కిడ్నీ అమ్ముతాడు, చెల్లెలి అత్తగారింటి ముందు వానలో తడుస్తూ నిలబడతాడు, చివరికి చెల్లెలి ఒడిలో తలపెట్టి, దగ్గుతూ దగ్గుతూ పూర్తిగా ఒక పాట పాడి మరీ చనిపోతాడు. అంత దగ్గులో పాట ఎలా వచ్చిందని స్వరూప అడగలేదు. చాప తడిసేదాకా ఏడ్చింది. ముక్కు తుడుచుకుంటుండగా ఆమెకు తట్టింది, ఇది వాడు కావాలనే వేశాడు!

మిర్యాలగూడ రైసుమిల్లులో కాంటా దగ్గర పనిచేసే ఆమె భర్త గోపాల్ సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరాడు. కాళ్ళు కడుక్కోకముందే ఆమె సంగతి చెప్పింది.

"ఊరందరికీ ఏసె సినిమా నీకోసమేస్తడా?" అన్నాడు గోపాల్.

"మీకు తెల్వదు. వాడు నోటితోని చెప్పే రకం గాదు. చిన్నగున్నప్పుడు మా ఊరు మోతెల గూడ, నన్ను కొట్టిననాడు సారీ అనకపోయేది. నా బడి సంచిల జామకాయ పెట్టి పోయేది. గిదీ గసొంటిదే."

"మరింకేంది, జామకాయ ముట్టింది గదా. పోదాం పా."

"ముట్టింది గని, నేను చెల్లెనా? అక్కను! అక్క సినిమా ఎయ్యాలె గద!"

ఇక్కడ స్వరూపకు తమ్ముడి మీదకన్నా సినిమావాళ్ళ మీద ఎక్కువ కోపమొచ్చింది. ఆలోచించిన కొద్దీ పెరిగింది. సినిమాల్లో అక్కలెక్కడున్నారు? ఉన్నా మొదటి పాటలోనే పెళ్ళయి వెళ్ళిపోతారు, లేదా మొగుణ్ణి వదిలేసి వచ్చి మూలన కూర్చుని చాడీలు చెబుతారు. తమ్ముడికి చద్ది కట్టి, చీమిడి తుడిచి, చెంప పగలగొట్టి, తండ్రి బెల్టు తీస్తే అడ్డం పడిన అక్క గురించి రెండున్నర గంటలు ఎవడు తీశాడు? చెల్లెలంటే ఏడుస్తుంది కాబట్టి కెమెరాకు ఇష్టం. అక్క తిడుతుంది కదా.

మంగళవారం ఉమ్మడి కుటుంబం సినిమా పడింది. ముప్పైమంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు, ఆడవాళ్ళు పట్టుచీరలతోనే నిద్రలేస్తారు. ముప్పైమంది తిన్న కంచాలు ఎవరు కడుగుతారో డైరెక్టరు చెప్పడు. ఆ ఇంటిమీద అలిగి వెళ్ళిన కుటుంబంలోని కుర్రాడు డ్రైవరు వేషంలో వచ్చి, కామెడీ చేసి, ఫైటు చేసి, అందర్నీ కలుపుతాడు. స్వరూప కడుపు పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం గ్యాసు సిలిండరు తెచ్చినవాడు టోపీ కిందికి లాక్కుని ఉంటే, వంగి వాడి మొహం చూసింది. వాడు భయపడి చిల్లర కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

బుధవారం సుమోలు పేలాయి. చెల్లెలి జోలికొచ్చిన ఊరినంతా అన్న కత్తితో నరికాడు. చెల్లెలు మూడు సీన్లలో కనిపించి మూడింటిలోనూ "అన్నయ్యా" అని మాత్రమే అంది. "నీ తమ్ముడు కత్తి పట్టేటోడేనా?" అని గోపాల్ వేళాకోళం చేశాడు. "కటింగ్ ప్లేయర్ పట్టుకొని స్తంభమెక్కుడే వానికి తెలిసింది" అని తమ్ముడి తరఫున స్వరూప కొంచెం గర్వంగానే ఒప్పుకుంది. అలిగింది కదా అని వాణ్ణి తక్కువ చేస్తే ఊరుకుంటుందా!

గురువారం ప్రేమ సినిమా. ప్రేమ ఎలా ఉన్నా, అందులో తండ్రి పంతం ఆమెకు బాగా నచ్చింది. రెండు గంటలపాటు ఒప్పుకోడు. కూతురు తిండి మానేసినా ఒప్పుకోడు. ఆ ఇంట్లో తల్లికి మొదటి నుంచి చివరిదాకా "ఏమండీ" అన్నదొక్కటే డైలాగు. ఆఖరికి రైలు కదులుతుంటే, ఆ తండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేను గెలిచి నువ్వు దూరమైతే నాకేం మిగుల్తుందమ్మా అని కూతురి చెయ్యి వదిలేస్తాడు. స్వరూప చాప మీద నిటారుగా లేచి కూర్చుంది. ఇది తమ్ముడు తన పంతం వదులుకుంటున్నట్టా, లేక నన్ను వదులుకొమ్మంటున్నట్టా? ఏదైనా ఒకటే. బీరువా తెరిచి, ఒడిబియ్యానికి కట్టుకోదగ్గ చీరలు రెండు తీసి మంచం మీద పరిచింది. రేపు సినిమా అయిపోగానే తనే ఫోన్ చేద్దామనుకుంది. అనుకోగానే ఎన్ని నెలల బరువో దిగినట్టయింది. ఆ రాత్రి గోపాల్‌కు ఇష్టమని పచ్చిపులుసు కూడా చేసింది.

శుక్రవారం దయ్యం సినిమా పడింది.

మామూలు దయ్యమైతే బాగుండేది. అది ఇంటి ఆడబిడ్డ. పుట్టింట్లో తనను లెక్కచెయ్యలేదని ఉసురుపెట్టి చచ్చిపోయి, దయ్యమై వచ్చి అన్నదమ్ముల మీద పడుతుంది. శుభకార్యం నాడు వంటపాత్రలు గాల్లోకి లేపుతుంది, పీటలు విసిరికొడుతుంది, వదినె గొంతు పట్టుకుంటుంది. మంత్రగాడొచ్చి చివరికి దాన్ని సీసాలో బిగించి, ఊరవతల పాతిపెడతాడు. అన్నదమ్ములు హాయిగా ఊపిరి పీల్చుకుని గ్రూపు ఫొటో దిగుతారు. శుభం.

స్వరూప చాప మీద నుంచి ఒక్క ఊపున లేచింది. దిండు కింద ఫోన్ తీసి, ఎండాకాలం నుంచి నొక్కని నంబరు నొక్కింది.

"ఏందిరా, నేను దయ్యాన్నా?"

అవతల గాలి హోరు. "అక్కా? అక్కవేనా?"

"అక్కనే. ఇంకా సావలే. సచ్చినంక గద దయ్యమయ్యేది!"

"ఏమైందే? ఎవలన్నరే గట్ల నిన్ను?"

"నువ్వే అన్నవు. ఊరందరికీ టీవీల సూపెట్టి అన్నవు! సోమవారం నాడు కిడ్నీ అమ్మినవ్. మంగళవారం డ్రైవరు ఏషం ఏసినవ్. నిన్న స్టేషన్ల నిలవడి బుద్ధి చెప్పినవ్. సరే, తమ్ముడు దిగొస్తున్నడు గదా, నేను గూడ దిగుదామనుకొని చీరలు గూడ తీసిపెట్టుకున్న. ఇయ్యాల నన్ను సీసల బిగిస్తవారా?"

"నేను కిడ్నీ అమ్ముడేందే?" శ్యాంసుందర్ గొంతులో నిజమైన భయం. "అక్కా, మంచిగున్నవా? బావ ఉన్నడా ఇంట్ల?"

"మాట మార్చకు. సినిమాలు నువ్వెయ్యలేదా?"

"నేనెక్కడేసిన! వారం సంది ఆఫీసుకే పోలే. చివ్వెంల కాడ లారీ తగిలి వైర్లన్ని తెగినయి, గీ స్తంభాల మీదనే ఉన్న. ఆఫీసుల కూసొని సినిమాలేసేది ధన్‌సింగ్. డిస్కుల ఏ వరుసల ఉంటె గా వరుసల ఒత్తుకుంట పోతడు. ఆయన వార్తలు తప్ప ఇంకేం సూడడు గూడ."

అయిదు రోజులు స్వరూప ఏడ్చింది, నవ్వింది, వాదించింది, క్షమించింది, మళ్ళీ కోపగించుకుంది. అదంతా ధన్‌సింగ్ డిస్కుతో! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముందుగా ఫోన్ చేసింది కూడా తనే అయింది. ఇంతకన్నా ఆ దయ్యంలాగా సీసాలో దూరడమే మేలనిపించింది.

"అక్కా" అన్నాడు శ్యాంసుందర్. గొంతు మారింది. "అంటే నువ్వు మన ఛానెల్ సూస్తున్నవా?"

ఆమె వెళ్ళి టీవీ సౌండు తగ్గించింది.

"రవి కొత్త డబ్బా పెట్టిచ్చిండని ఎండకాలంల ఎవలో చెప్పిన్రు. అక్క నా వైరు కోసి పారేసిందనుకున్న. ఇగ నా ఫోనేం ఎత్తుతదిలే అనుకొని, చేసుడు బంద్ చేసిన."

"కొయ్యలే" అంది స్వరూప. "రోజూ సూస్తున్న. పొద్దటి పాటలు గూడ."

అవతల గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఎంతకీ మాట రాకపోయేసరికి ఆమెకు అర్థమైంది. వాడు స్తంభం మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"ఒరేయ్, ముందుగాల కిందికి దిగు! కళ్ళు కనవడక పడి సస్తవ్!"

"దిగుతున్న" అన్నాడు తమ్ముడు. "దిగి, అట్నించటే వస్తున్న."

అట్నుంచి అటే రాలేదు. ఇంటికెళ్ళి, స్నానం చేసి, రమ్యను వెంటబెట్టుకుని పొద్దుగూకేవేళకు వచ్చాడు. పిలుపంటే బొట్టుపెట్టి పిలవాలి కదా. రమ్య చేతిలో కుంకుమ భరిణె ఉంది.

సినిమా అయితే ఇక్కడ వాన కురిసేది. గుమ్మం ఇటు అక్క, అటు తమ్ముడు, మధ్యలో గాలికి ఎగిరే కొంగు, వెనక కోరస్. స్వరూప కూడా మధ్యాహ్నం నుంచి ఒక డైలాగు తయారుచేసి పెట్టుకుంది. కానీ వాళ్ళు చెప్పులు విడుస్తుండగా కుక్కర్ మూడో విజిల్ వేసింది. ఆమె స్టవ్ ఆపడానికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి తమ్ముడు ఎప్పుడూ కూర్చునే చోట, తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడ నల్లగా కమిలిపోయింది. డైలాగు గొంతులోనే పోయింది.

"ఎండల టోపీ అన్న పెట్టుకోవద్దారా?" అంది.

రమ్య ముందుకొచ్చింది. కోదాడ పిల్ల, మాట కొంచెం మెత్తగా ఉంటుంది. "వదినా, ఆ రోజు తప్పు నాది. మా అన్నయ్యలకు ఫొటోలన్నీ పంపింది నేనే. మీది అడిగి తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఈయనకేం తెలీదు. ఇన్నాళ్ళూ మీ దగ్గరకొచ్చి చెప్పాలంటే భయమేసింది."

"బైకు యాదికొచ్చింది గని, మేనత్త యాదికి రాలేదా?" అంది స్వరూప. అనాల్సిందే అనేసింది, అప్పుడుగాని లోపలి ముల్లు బయటికి రాలేదు. రమ్య కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. "సరే తియ్యి. బొట్టు పెట్టు. మళ్ళ అన్నం తిని పోవాలె, ఉట్టిగనే పోతె ఊకోను."

రమ్య బొట్టు పెట్టి, అప్పుడే మిల్లు నుంచి వచ్చిన గోపాల్ వైపు కూడా చూస్తూ, "ఆదివారం మా ఇంటికి ఒడిబియ్యానికి రండి వదినా, అన్నయ్యా మీరూ" అని పిలిచింది. అది విని శ్యాంసుందర్ కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. "రా అక్కా" అన్నాడు. అంతే, రెండే మాటలు. ఇన్ని నెలలు స్వరూప ఎదురుచూసింది ఆ రెండు మాటల కోసమే. అవి విన్నాక ఏడుస్తానేమో అనుకుంది కానీ ఏడుపు రాలేదు. ఆకలేసింది.

ఆదివారం శ్యాంసుందర్ ఇంట్లో హాలు మధ్య రెండు పీటలు వేశారు. స్వరూప, గోపాల్ కొత్త బట్టల్లో కూర్చున్నారు. పసుపు కలిపిన బియ్యం పెద్ద తాంబాళంలో ఉన్నాయి, వాటిలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు. వర్ష ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. లచ్చమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరేం చెయ్యాలో ముందే చెప్పేస్తూ అందరినీ తికమక పెడుతోంది. రోజూ మూలిగే మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయింది ముసలామె.

"పొయ్యిరా ఇగ, ఏం సూస్తున్నవ్?"

శ్యాంసుందర్, రమ్య ఎదురుగా వంగారు. స్వరూప కొంగు పరిచి పట్టుకుంది. ఆనవాయితీ ప్రకారం ఐదు దోసిళ్ళు. వైర్లు లాగి లాగి బొబ్బలెక్కిన తమ్ముడి చేతుల్లోంచి బియ్యం ఆమె ఒడిలో పడుతుంటే, ఆ బరువు తొడల మీద వెచ్చగా తెలిసింది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే వాడి మొహం చూడాలి, చూస్తే ఇద్దరూ ఏడుస్తారు, మనవరాలు దాన్ని వీడియో తీసిందని తల్లి పదిమందికి చూపిస్తుంది.

ఐదో దోసిలి పడింది. ఇక కొంగు ముడి వెయ్యాలి. స్వరూప వెయ్యలేదు. కొంగు అలాగే పరిచి పట్టుకుని ఉంది.

"అయిపోయినయి గదక్కా" అన్నాడు శ్యాంసుందర్.

"ఇంకోటి పొయ్యి."

"ఐదే గదనే పోసేది?"

"ఐదు ఆనవాయితీవి" అంది స్వరూప, తల ఎత్తి. "గిది, మనం మాట్లాడుకోని నెలలకు."

లచ్చమ్మ ఏదో అనబోయి ఆగిపోయింది. శ్యాంసుందర్ తాంబాళంలో రెండు చేతులూ మునిగేదాకా పెట్టి, పొంగి పొర్లిపోయేటంత దోసిలి తీశాడు.